టెర్రకోట నగలకు సొంత డిజైన్లు ఎక్కడ దొరుకుతాయి? అనంతపురం నుంచి నా జవాబు

టెర్రకోట కమ్మలు, హారాలు చేస్తున్నాను, ఫోన్‌లో చూసి చేస్తుంటే అందరివీ ఒకేలా ఉంటున్నాయి, మాది కడప వైపు, సొంత డిజైన్లకు ఐడియాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అని అడిగారు కదా. నేను అనంతపురంలో చాలా ఏళ్లుగా మట్టి నగలే చేస్తున్నా, నాకు పనికొచ్చిన దారి చెప్తాను.

ఫోన్‌లో కనిపించేది పూర్తయిన నగ. దాన్ని చూసి ఇంకో నగ చేస్తే ఎంత మార్చినా దాని పోలిక పోదు. ప్రొద్దుటూరు బంగారు షాపుల అద్దాల ముందు నిలబడి చూసినా అంతే. అందుకే నగ కానిదాన్ని చూసి నగ చెయ్యండి. చూసేటప్పుడు కూడా బొమ్మ మీద కంటే, దాన్ని చేసినవాళ్లు తమ చేతిలో ఉన్న రాయితోనో తోలుతోనో ఆ అందం ఎలా రాబట్టారన్న దాని మీద ఎక్కువ దృష్టి పెట్టండి. ఆ ఉపాయం మన మట్టిలోకి వస్తే డిజైన్ దానంతటదే మీదవుతుంది.

నాకు ఈ సంగతి తెలిసింది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో. తోలుబొమ్మలు చేసే ఊరు అది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దాటేంత పల్చగా చేసి, గీత గీసి, రంగులేసి, ఉలితో చిల్లులు కొడతారు. సీతమ్మ బొమ్మ దొరికితే మెడ దగ్గర బాగా చూడండి. గుండ్రటి చిన్న చిల్లులు ఒక వరస, దాని కింద నెలవంకల్లాంటివి ఒక వరస, మళ్లీ చుక్కలు. మామూలుగా చూస్తే ఉత్త చిల్లులే, కానీ తెర వెనక దీపం వెలిగిందంటే ఆ హారం, వడ్డాణం, కిరీటం అన్నీ ధగధగా మెరుస్తాయి. రంగు ఎంత వేసినా నగకు ఆ మెరుపు ఇచ్చేది తీసేసిన తోలే! నగలు చేసే మనకు ఇంతకంటే పెద్ద పాఠం ఎక్కడా దొరకదని నా నమ్మకం, ఎందుకంటే మనమంతా మట్టి మీద మట్టి అతికించి, పూసలు అంటించి, బంగారు రంగు పూసి నిండుగా చెయ్యాలనే చూస్తాం.

మట్టిలో దాన్ని ఇలా చేస్తాను. చదునుగా పరిచిన మట్టి పలక వేలికి అంటకుండా, గోరు పెడితే మాత్రం నొక్కు పడేంత ఆరినప్పుడు, అయిపోయిన పెన్ను రీఫిల్ గొట్టంతో గుండ్రటి చిల్లులు తీస్తా, అదే గొట్టాన్ని చివర నిలువుగా సగానికి కోసి పెట్టుకుంటే దాని అంచుతో నెలవంకలు వస్తాయి. చిల్లుకీ చిల్లుకీ మధ్య కనీసం ఒక చిల్లు వెడల్పు మట్టి మిగలాలి, లేకపోతే ఆరేటప్పుడే అక్కడ పగులు వస్తుంది. ఇంకా తొందరగా కొడితే అంచులు లోపలికి కుంగిపోతాయి, బాగా ఆరాక కొడితే పెచ్చులు లేస్తాయి, కాబట్టి ఆ మధ్య సమయం కనిపెట్టుకుని ఉండాలి. హారం పలకగా చేస్తే ఆ చిల్లుల్లోంచి కట్టుకున్న చీర రంగు కనిపిస్తుంది, ఏ చీర మీద వేసుకుంటే ఆ రంగు. పైగా కమ్మల బరువు తగ్గుతుంది. మట్టి కమ్మలు కొన్నవాళ్లు మళ్లీ కొనకపోవడానికి ముఖ్య కారణం బరువే.

లేపాక్షి సంగతి వేరు. హిందూపురానికి 15 కిలోమీటర్లే కాబట్టి మావైపు డిజైన్ అంటే అందరూ ముందు అక్కడికే వెళ్తారు. 16వ శతాబ్దపు విజయనగర కాలం గుడి, లతా మండపం స్తంభాల మీది తీగలు ఎప్పుడో చీరల అంచుల్లోకి వచ్చేశాయి. అక్కడ ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి మొత్తం స్తంభాన్ని మూడు సెంటీమీటర్ల కమ్మ మీద దించాలని చూస్తే అంతా అలుక్కుపోతుంది. ఒక్క మలుపు చాలు. తీగ ఎక్కడ తిరిగింది, తిరిగిన చోట మిగిలిన సందులో శిల్పి ఏం పెట్టాడు, ఆకా, మొగ్గా, ఉత్త చుక్కా, అది చూడండి. చేత్తో కాగితం మీద గీయండి, గీత బాగా రాకపోయినా పర్వాలేదు. మర్నాడు ఆ కాగితం చూడకుండా ఇంకోసారి గీస్తే గుర్తున్నంత వరకే వస్తుంది చూశారా, చిన్న కమ్మ మీద పట్టేది సరిగ్గా అంతే.

అక్కడి బసవన్నను లాకెట్‌గా చాలామంది చేస్తారు, ప్రభుత్వ హస్తకళల షాపుల పేరు కూడా లేపాక్షే కాబట్టి ఆ రూపం అందరికీ తెలుసు. నేను మాత్రం బసవన్న మెడలో చెక్కిన గంటలు, హారాలు తీసుకున్నా. అంత పెద్ద రాతిలో గంటలు నిజంగానే మెడ నుంచి వేలాడుతున్నట్టు ఉంటాయి. వాటిని చూసి చిన్న చిన్న మట్టి గంటలు నల్లదారానికి గుచ్చి చేసిన పట్టెడ ఇప్పటికీ నా దగ్గర ఎక్కువగా అడిగే నగ. దేవుళ్ల ముఖాలు మాత్రం చెయ్యను. కాలాక అంత చిన్న ముఖంలో కళ్లూ ముక్కూ సరిగ్గా నిలబడవు, వంకర ముఖంతో దేవుణ్ణి అమ్మడం నాకు మనసొప్పదు.

గుళ్లూ శిల్పాలే అవసరం లేదు. పాతకాలం కంసాలులు మామిడి పిందెల హారం, మల్లెమొగ్గల హారం చేశారంటే చుట్టూ ఉన్నవి చూసే కదా. మా జిల్లాలో ఎటు చూసినా చెనిక్కాయే, అదే వేరుశనగ. ఒలవని కాయను వేలి మీద తిప్పుతూ చూడండి, పొడవునా గీతలు, వాటిని కలుపుతూ అడ్డంగా సన్నటి గీతలు, నడుం దగ్గర చిన్న నొక్కు, అది ప్రకృతి చేసిన నక్షీ పని. కాయను మెత్తటి మట్టిలో సగం వరకు ఒత్తి తీసి, ఆ మట్టిని కాల్చితే అదే అచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అచ్చు కాలేటప్పుడు ఒకసారి, అందులో చేసిన పూస కాలేటప్పుడు ఇంకోసారి కుంచించుకుపోతుంది, అందుకే అన్నిటికంటే పెద్ద కాయ ఎంచుకోవాలి. ఎంత తగ్గుతుందో మట్టిని బట్టి మారుతుంది. పచ్చి పలక మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరబెట్టి కాల్చాక కొలిచి చూస్తే మీ మట్టి లెక్క తెలిసిపోతుంది. ఈ చెనిక్కాయ పూసలకు రంగు వెయ్యొద్దు, కాలిన మట్టి రంగే కాయ రంగుకు దగ్గరగా ఉంటుంది.

నకలు చెయ్యడం తప్పా అని కూడా చివర్లో అడిగారు. చిల్లుతో నగ చూపించే ఉపాయం ఎవరైనా నేర్చుకోవచ్చు, కానీ నిమ్మలకుంట వాళ్ల బొమ్మను ఉన్నదున్నట్టు దించి మీ డిజైన్ అని అమ్మకండి. ఆ కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. ఒక బొమ్మ వాళ్ల దగ్గరే కొని ఇంట్లో కిటికీకి తగిలించుకోండి, రోజూ చూడొచ్చు.

కడప వైపు అంటున్నారు కాబట్టి మీరు లేపాక్షి దాకా రానక్కర్లేదు, ఒంటిమిట్ట రామాలయం స్తంభాలు, పుష్పగిరి గోడల మీది శిల్పాలు మీకు దగ్గర, వాటిని చూసి నగలు చేసేవాళ్లు నాకింతవరకు కనపడలేదు. కొత్త డిజైన్ మొదటిసారి చేసేటప్పుడు హారాలతో మొదలుపెట్టకుండా ఒక్క జత కమ్మలే చేసి, కాల్చాక మీరే పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంటి పనులన్నీ చేసుకోండి. చెవి లాగుతోందంటే పలక మందం తగ్గించండి, జుట్టు తట్టుకుంటోందంటే అంచులు ఇంకొంచెం నున్నగా రుద్దండి, ఆ తర్వాతే అమ్మకానికి పెట్టండి.