కారు మరమ్మతులో గాయాలు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: డీజిల్ కారు ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు దగ్గర చెమ్మ కనిపించింది. ఎక్కడ నుంచి కారుతోందో తెలుసుకుందామని వేలితో తడిమాను. వేలి కొసన సూది గుచ్చినట్టు చిన్న చుక్క పడింది. నొప్పి పెద్దగా లేదు. దీనికి ఆసుపత్రికి వెళ్లాలా?

జవాబు: వెళ్లాలి, అదీ వెంటనే. ఇది పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగవలసిన ప్రశ్న కాదు కనుక ఆ మాటను ప్రశ్న పంపిన పాఠకునికి ముందే విడిగా తెలియజేశాం. కారణాన్ని మాత్రం అందరి కోసం ఇక్కడ వివరిస్తున్నాం. నేటి కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో (ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి ఇంధనం అందేవి) ఇంధనం ఒత్తిడి 1,600 బార్ల వరకు, కొన్నింటిలో 2,000 బార్లకు పైగా చేరుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు, రెండున్నర బార్లే. అంతటి ఒత్తిడితో సన్నని పగులు నుంచి వెలువడే ధార చేతి తొడుగును, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయి కండరాల పొరల మధ్య పాకుతుంది. పైకి కనిపించేది ఒక్క చుక్కే. తొలి గంటల్లో నొప్పి లేకపోవడం వల్లనే చాలామంది దీన్ని తేలికగా తీసుకుంటారు. ఆ తర్వాత వాపు పెరిగి రక్తప్రసరణకు అడ్డుపడుతుంది, డీజిల్ తాకిన కణజాలం చచ్చిపోతుంది, ఆలస్యమైతే వేలునే తొలగించవలసి రావచ్చు. గాయం చిన్నదిగా ఉందని కట్టు కట్టి పంపించే అవకాశం ఉంది కాబట్టి, అధిక ఒత్తిడితో డీజిల్ చర్మం లోపలికి వెళ్లిందని వైద్యునికి మీరే స్పష్టంగా చెప్పాలి. ఇటువంటి గాయాలకు తరచుగా శస్త్రచికిత్స అవసరమవుతుంది.

లీకును వెతకవలసి వస్తే కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, చేతిని దూరంగా ఉంచి, పొడవాటి అట్టముక్కను పైపు దగ్గరకు చాపి దాని మీద తడి పడుతుందేమో చూడాలి. ఇంజిన్ ఆపినంత మాత్రాన ఆ ఒత్తిడి మాయం కాదు. కారు మాన్యువల్‌లో చెప్పిన వ్యవధి గడిచిన తర్వాతే పైపు నట్లు వదులు చేయాలి.

ప్రశ్న: ట్రాలీ జాకీతో కారు వెనుక భాగాన్ని పైకెత్తి షాక్ అబ్జార్బర్లు చూస్తుండగా కారు ముందుకు దొర్లి జాకీ మీద నుంచి జారిపడింది. అప్పటికి నేనింకా కిందకు దూరలేదు కాబట్టి బతికిపోయాను. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగే ఉంచాను కదా, కారు ఎలా కదిలింది?

జవాబు: మీ హ్యాండ్ బ్రేకులో లోపమేమీ లేకపోవచ్చు. చాలా కార్లలో అది వెనుక చక్రాలను మాత్రమే పట్టి ఉంచుతుంది. ఆ రెండింటినీ మీరు గాలిలోకి లేపేశారు. నేల మీద మిగిలిన ముందు చక్రాలను ఆపేది ఏదీ లేదు. వెనుక భాగం ఎత్తేటప్పుడు ముందు చక్రాలకు ముందూ వెనుకా గట్టి చెక్క దిమ్మెలు అడ్డుపెట్టడం, ముందు చక్రాలతో నడిచే కారయితే గేరులో ఉంచడం తప్పనిసరి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. జాకీ కారును ఎత్తడానికి ఉన్న సాధనమే తప్ప, మనిషి కింద పనిచేస్తుండగా దాన్ని మోయడానికి ఉద్దేశించినది కాదు. హైడ్రాలిక్ జాకీలో బరువంతా నూనె ఒత్తిడి మీద నిలుస్తుంది, ఆ నూనెను పట్టి ఉంచేది చిన్న సీలు. అది ఎప్పుడు వదిలేస్తుందో ముందుగా తెలియదు. మాన్యువల్ చూపిన చోట్ల ఉక్కు స్టాండ్లు పెట్టి, కారును వాటి మీదికి దించి, బయట నిలబడే గట్టిగా ఊపి చూసిన తర్వాతే కిందకు వెళ్లాలి. స్టాండ్ల బదులు ఇటుకలో, బోలు సిమెంటు దిమ్మెలో పెట్టేవారు ఉన్నారు. అవి ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా పగిలిపోతాయి. టైరు విప్పి ఉంటే దాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం ఖర్చు లేని అదనపు రక్షణ. బిగుసుకున్న చక్రపు నట్లను కారు ఇంకా నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసుకోవాలి, ఎందుకంటే జాకీ మీదున్న కారును కుదిపేది ఎక్కువగా ఆ బలవంతపు లాగుడే.

ప్రశ్న: 12 వోల్టుల బ్యాటరీ షాకు కొట్టదంటారు. మరి టెర్మినల్ విప్పుతుంటే నా ఉక్కు గడియారం పట్టీ కాలి మణికట్టు బొబ్బలెక్కింది ఎందుకు?

జవాబు: పొడి చర్మం గుండా గణనీయమైన కరెంటును నడిపించడానికి 12 వోల్టులు చాలవు కనుక షాకు కొట్టదనే మాట నిజమే. లోహానికి అటువంటి అడ్డు లేదు. మీ స్పానరు పాజిటివ్ మీద ఉండగా పట్టీ దానికీ కారు బాడీకీ ఒకేసారి తగిలి ఉంటుంది. బాడీ నెగటివ్‌కు కలిపి ఉంటుంది కాబట్టి వందల ఆంపియర్లు పారి పట్టీ క్షణంలో కాలిపోతుంది. ఉంగరమైతే వేలి చుట్టూ కాలుస్తుంది. గడియారం, ఉంగరాలు తీసేసి, ముందు నెగటివ్ తీగను విప్పండి. అప్పుడు స్పానరు బాడీకి తగిలినా వలయం పూర్తి కాదు. తిరిగి బిగించేటప్పుడు నెగటివ్ చివరిది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు తీగలకు ఈ జవాబు వర్తించదు. వాటిలో ప్రాణాలు తీసే వోల్టేజీ ఉంటుంది; శిక్షణ లేనివారు వాటిని ముట్టుకోనే కూడదు.

ప్రశ్న: ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలయ్యాక రేడియేటర్ మూత తీయవచ్చా?

జవాబు: తీయకూడదు. లోపలి ద్రవం ఒత్తిడిలో ఉండటం వల్లనే 100 డిగ్రీల సెల్సియస్ దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు కాగానే ఒత్తిడి పడిపోయి అది ఆవిరిగా ఎగజిమ్ముతుంది. పై గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. ఆ గొట్టాన్ని తాకేటప్పుడు వేళ్లను ఫ్యానుకు దూరంగా ఉంచండి, కొన్ని కార్లలో తాళం చెవి తీసిన తర్వాత కూడా అది తనంతట తాను తిరుగుతుంది. కాలితే ఆ చోటును 20 నిమిషాల పాటు పారే చల్లని నీటి కింద ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు పనికిరావు. ముఖం మీద, కళ్ల దగ్గర పడితే నీళ్లతో కడుగుతూనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లే ఏర్పాటు చేయాలి.