షాపు తెరిచే ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి చిన్నోడికి,

మావయ్య ఆశీస్సులు. ఉద్యోగం మానేసి విశాఖ మద్దిలపాలెంలో కంప్యూటర్ రిపేరు షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. తిడుతోందో మురిసిపోతోందో నాకు అర్థం కాలేదు. నాకైతే రెండూ కలిగాయి. నీ చేతిలో పనుంది, కాదనను. నీ తొందర గురించే నా టెన్షన్.

'పెన్ డ్రైవ్ పెడితే సిస్టమ్ తీసుకోవట్లేదండీ' అంటూ రోజుకొకరైనా వస్తారు. ఇంకో పోర్టు, ఇంకో కేబుల్, ఇంకో సిస్టమ్, ఒక రీస్టార్ట్. ఇవి నీకు చెప్పక్కర్లేదు. కేబుల్ దగ్గర మాత్రం మోసపోకు, ఛార్జింగ్‌కి మాత్రమే చేసిన వాటిలో డేటా తీగలే ఉండవు. ముందు పోర్టు పనిచేయకపోతే వెనక పెట్టి చూడు. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి, ముందువాటికి లోపల వైరు లాగుతారు, అది ఊడి ఉండొచ్చు. హార్డ్ డిస్క్ టిక్ టిక్‌మంటూ ఆగిపోతుంటే కరెంటు చాలక కావచ్చు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపిస్తూ మై కంప్యూటర్‌లో కనిపించకపోతే డ్రైవ్ లెటర్, అంటే E, F లాంటి అక్షరం, ఇస్తే చాలు చాలాసార్లు.

ఇక అసలు సంగతి. పెన్ డ్రైవ్ పెట్టగానే 'వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి' అని విండో వస్తుంది చూడు, దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడే. అలా అడిగిందంటే సిస్టమ్ డ్రైవ్‌ని గుర్తుపట్టినట్టే. పోర్టు బాగానే ఉంది, చెడింది డ్రైవ్‌లోని ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్ల లెక్క ఉంచే ఏర్పాటు. నేను ద్వారకానగర్లో పనిచేసే రోజుల్లో అనకాపల్లి నుంచి ఒక ఫొటోగ్రాఫర్ అలాంటి డ్రైవే పట్టుకొచ్చాడు. నేను సర్వీసుకి బయటికెళ్లాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు నీలాగే చురుకైనవాడు. విండో రావడమే ఆలస్యం, ఫార్మాట్ నొక్కేశాడు. డ్రైవ్ తెరుచుకుంది. 'ఇదిగోండి, అయిపోయింది' అని, నమ్మకం కోసం ఒక సినిమా కాపీ చేసి ప్లే చేసి మరీ చూపించాడు.

అప్పుడడిగాడు ఫొటోగ్రాఫర్, 'మరి పెళ్లి ఫొటోలేవి?' అని. కెమెరా కార్డు మీద అప్పటికే ఇంకో ఫంక్షన్ తీసేశాడట.

క్విక్ ఫార్మాట్ ఒక్కటే అయితే మేం బయటపడేవాళ్లం. అది ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టికని కొత్తగా రాస్తుందంతే, ఫైళ్లు చాలావరకు అక్కడే పడి ఉంటాయి. కొంప ముంచింది ఆ సినిమా. సరిగ్గా ఫొటోలున్న చోటే వెళ్లి కూర్చుంది. రాత్రంతా రికవరీ పెడితే కొన్ని వచ్చాయి. ఒకదాంట్లో జీలకర్ర బెల్లం పెడుతున్నారు. పెళ్లికూతురి నుదుటి దాకా బొమ్మ ఉంది, ఆ కింద అంతా బూడిద రంగు. మర్నాడు పెళ్లికూతురి తండ్రి కూడా వచ్చాడు. కేకలు వేస్తే బాగుండేది. ఆ ఒక్క ఫొటోనే చూస్తూ కూర్చున్నాడాయన.

అందుకే చెబుతున్నా, ఒరేయ్, బాగా విను. డ్రైవ్ తీసుకోగానే 'ఇందులో ఏముందండీ, ఇంకో కాపీ ఉందా?' అని అడుగు. లేదంటే దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకు. ముందు మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసుకో, రికవరీ ఆ ఇమేజ్ మీద నడుపు, వచ్చినవి వేరే డిస్క్‌లో దింపు. కస్టమర్ తొందరపెడితే రేపు రమ్మను. విసుక్కుంటాడు, విసుక్కోనీ.

మన ఊరి ఉప్పుగాలి సంగతి కూడా మరిచిపోకు. పెదవాల్తేరు, లాసన్స్ బే నుంచి వచ్చే సిస్టమ్‌ల పోర్టుల్లోకి టార్చి కొట్టి చూడు. పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే డ్రైవర్లు మార్చి లాభం లేదు. ప్లగ్గు పీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో సన్నటి బ్రష్ పెట్టి తుడిచి, పూర్తిగా ఆరాకే ఆన్ చెయ్యి. పిన్ను వంగి పోర్టు చుట్టూ ఉన్న రేకుకి తగులుతుంటే కొన్ని బోర్డులు ఓవర్ కరెంట్ అని చూపించి 15 సెకన్లలో ఆగిపోతాయి. అప్పుడు బోర్డు పోయిందని చెప్పి ఎవరి దగ్గరా కొత్తదానికి డబ్బు తీసుకోకు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత తడిసిన సిస్టమ్‌ల విషయంలో అలా సంపాదించినవాళ్లున్నారు. మనకొద్దు.

ఎస్ఎంపీఎస్, అదే సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా, మాత్రం విప్పకు. ప్లగ్గు తీసినా లోపల ఛార్జి మిగిలి ఉంటుంది. ఇది సలహా కాదు, ఆర్డరే అనుకో.

అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు షాపులో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు. లేకపోతే ఓనరుతోనే వేయించు, అడగడానికి మొహమాటపడకు. నువ్వు అడగలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి మాట్లాడతాను. వేళకి అన్నం తిను.

మీ మావయ్య