కొండవాలులో సెన్సార్లు పాతబోయే అబ్బాయికి

చిరంజీవి శ్రీనివాసుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మందస వైపు కొండ కింది ఊరికి పైన, కొండచరియ జారేముందు ఊరిని హెచ్చరించే సెన్సార్లను వాలులో పాతే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, పక్కనున్న ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. మన శ్రీకాకుళం జిల్లాలో ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పలకక ఉండిపోయాయి. ఈ రెండూ ఒకే రాత్రి వస్తాయన్న లెక్కతోనే నీ పని మొదలుపెట్టు.

ముందు నీటి సంగతి చూడు. కుళ్లిన రాతిమట్టి కింద గట్టి రాయి తగిలే చోట నీరు నిలిచి, రేణువుల మధ్య పీడనం పెరిగినప్పుడు మట్టి పట్టు సడలుతుంది కనుక, ఆ నీటి పీడనాన్ని కొలిచే పీజోమీటరు మొన ఆ సంధిలోనే ఉండాలి. మొన చుట్టూ ఇసుక పోసి, దానిపైన తడిస్తే ఉబ్బే బెంటోనైటు బంకమట్టితో బిగించకపోతే, పై వాననీరు బోరు వెంట దిగి నీకు అబద్ధపు అంకె చూపిస్తుంది. తేమ సెన్సారు పక్కన కాస్త సందు మిగిలినా అది గాలినే కొలుస్తుంది; ఆ గోతి మట్టినే జల్లించి, ముద్దగా కలిపి చుట్టూ కూరించు.

వంపు సెన్సారు బిగించే కడ్డీని వదులుగా ఉన్న పైమట్టి దాటేదాకా దించు. ఎండకు పగలు కాస్త ఒరిగినట్టు చూపి, రాత్రికి మళ్లీ సర్దుకుంటుంది, దానికి కంగారుపడకు. ఒరిగిన కొలత కన్నా ఒరిగే వేగం ముఖ్యం. జపాను పరిశోధకులు గంటకు 0.01 డిగ్రీ దాటితే జాగ్రత్తపడాలనీ, 0.1 డిగ్రీ దాటితే హెచ్చరిక ఇవ్వాలనీ సూచించారు. వాటితో మొదలుపెట్టి, ఒక వానాకాలం గడిచాక మన మట్టికి తగినట్టు సవరించుకో.

నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటి ఉంది. సర్వరు ఎక్కడున్నా సరే, సైరను మోగించే నిర్ణయం మాత్రం ఊళ్లో పెట్టిన పెట్టెలోనే జరగాలి. సెన్సార్ల అంకెలను ఆ పెట్టెకు చేర్చే లోరా అనే, తక్కువ కరెంటుతో దూరం పలికే రేడియోకు సెల్ టవరుతో పనిలేదు. ముసురు పట్టినప్పుడు సోలారు పలకను నమ్ముకోలేము కనుక వారం రోజులు ఆగే బ్యాటరీ పెట్టించు. ఖర్చు ఎక్కువని ఎవరు అడ్డుచెప్పినా ఒప్పుకోకు.

సైరను మోగితే ఎటు వెళ్లాలో ఊరి పెద్దలతో కలిసి, చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూడు. గెడ్డ వెంట దిగే బాట దగ్గరదారే అయినా వద్దను. జారిన మట్టి, బండలు ఎక్కువగా ఆ గెడ్డలోనే దిగి వస్తాయి. వాన కురుస్తుండగానే గెడ్డలో నీరు హఠాత్తుగా తగ్గితే, పైన ఎక్కడో మట్టి అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు సెన్సారు అంకెల కోసం ఆగకుండా సైరను మోగించే అధికారం ఆ ఊరివాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఇప్పించి, దాని మీటను వాళ్ల చేతికి అందేచోట పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న