రొంపా, ఫ్లూ జ్వరమా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా నాలుగేళ్ల బాబు (బరువు 14 కిలోలు) నిన్న మధ్యాహ్నం దాకా ఆడుకుని, సాయంత్రానికి 103 డిగ్రీల జ్వరంతో పడుకున్నాడు. పొడి దగ్గు, కాళ్ల నొప్పులు ఉన్నాయి. రెండుసార్లు వాంతి అయింది. లంఖణం పరమౌషధమని మా అత్తగారు ఏమీ పెట్టనివ్వడం లేదు. యాంటీబయాటిక్ వాడమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మధ్యాహ్నం దాకా ఆడుకున్న పిల్లవాడు సాయంత్రానికి మంచం పట్టాడన్న మీ మాటే ఫ్లూను అనుమానించేలా చేస్తోంది. రొంప ముక్కు కారడంతో మెల్లగా మొదలవుతుంది; ఫ్లూలో జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు ఒక్కసారిగా మీద పడతాయి, పసివాళ్లకు వాంతులు కూడా అవుతాయి. అయితే వానాకాలంలో మన కాలువల సీమలో డెంగీ కూడా ఇలాగే మొదలవుతుంది కనుక, డాక్టరు రక్తపరీక్ష రాస్తే వద్దనకండి. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ సిరప్‌లు ఇవ్వకూడదు. ఆస్పిరిన్ అసలే వద్దు; ఫ్లూ వచ్చిన పిల్లల్లో అది అరుదుగానైనా మెదడును, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. మీ బాబు బరువుకు ఒక మోతాదు సుమారు 200 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వాలి. 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే అది 4 మి.లీ. అవుతుంది, అంతకంటే పలచని సిరప్‌లు కూడా అమ్ముతారు కనుక సీసా మీద అంకె చూడకుండా మూత తిప్పకండి.

ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ దానిమీద పనిచేయదు. పనిచేసే మందు ఒసెల్టమివిర్, అదీ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు. అయిదేళ్లలోపు పిల్లలకు ఫ్లూ ముదిరే అవకాశం ఎక్కువ కనుక, అవసరమో కాదో తేల్చుకోవడానికి ఈరోజే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక లంఖణం సంగతి. ఆకలి లేని బిడ్డకు అన్నం కుక్కవద్దన్నంతవరకు మీ అత్తగారి మాట నిజమే, కాని నీళ్లు ఆపడం ప్రమాదం. పలుచని గంజి, ఓఆర్‌ఎస్, మీ పెరటి కొబ్బరినీళ్లు గుక్కగుక్కగా తాగిస్తూ ఉండండి.

థర్మామీటరు కంటే ఊపిరిని ఎక్కువగా గమనించండి. బాబు నిద్రపోతున్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి: ఈ వయసులో 40 గాని అంతకు మించి గాని ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, పిలిస్తే పలకకుండా మత్తుగా ఉన్నా, తగ్గిన జ్వరం దగ్గుతో తిరగబెట్టినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకుంటే జ్వరం నాలుగైదు రోజుల్లో దిగుతుంది, దగ్గు మాత్రం రెండు వారాలు లాగవచ్చు.

అంతవరకు బాబును అత్తగారి పక్కలో పడుకోబెట్టకండి. 65 దాటినవారికి ఫ్లూ మరింత ప్రమాదకరం.