మూడు ఊళ్ల వైఫైకి కంట్రోలర్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరి గోదాము, పాలకొల్లులో బియ్యం కొట్టు, భీమవరంలో రొయ్యల మేత షాపు ఉన్నాయండి. మొత్తం తొమ్మిది యూనిఫై బ్రాండ్ యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు). వాటి సెట్టింగులు చూసే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌ని పాలకొల్లు బిల్లింగ్ కంప్యూటర్‌లో వేశాం. అందులో పాలకొల్లువి తప్ప మిగతావి కనబడడం లేదు. క్లౌడ్‌లోకి (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్‌లోకి) మారిస్తే అన్నీ ఒకేచోట కనబడతాయా? నెట్ నెమ్మదిస్తుందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: తప్పకుండా మార్చండి. నెట్ ఏమీ నెమ్మదించదు. కంట్రోలర్‌కి వెళ్లేది సెట్టింగులు, లెక్కలు మాత్రమే. మీ బిల్లులు, వీడియోలు ఎప్పటిలా నేరుగా ఇంటర్నెట్‌కే వెళ్తాయి. కంట్రోలర్ ఆగినా వైఫై నడుస్తూనే ఉంటుంది. కస్టమర్లకు గెస్ట్ పోర్టల్ (వైఫైలోకి వచ్చే లాగిన్ పేజీ) పెట్టి ఉంటే మాత్రం అది ఆగుతుంది.

2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న లినక్స్ సర్వర్ చాలు. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ (సర్వర్ల కేంద్రం) ఉంది. శాఖల్లో స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్) అక్కర్లేదు. పరికరాలే బయటికి వెళ్లి కంట్రోలర్‌ని పలకరిస్తాయి కాబట్టి అక్కడి రౌటర్లలో ఏ పోర్టూ (బయటి నుంచి లోపలికొచ్చే దారి) తెరవక్కర్లేదు.

చాలామంది పొరపాటు పడేది ఒకచోటే. క్లౌడ్ సర్వర్‌కి తన లోపలి ఐపీ ఒక్కటే తెలుసు. పరికరాన్ని అడాప్ట్ చేసుకోగానే (తన కిందికి తీసుకోగానే) ఆ అడ్రసే దానికి చెప్పేస్తుంది. పాపం ఆ యాక్సెస్ పాయింట్ లేని ఇంటి తలుపు తడుతూ, కంట్రోలర్‌లో 'డిస్‌కనెక్టెడ్' అని కనబడుతుంది. అందుకే ముందు ఒక డొమైన్ పేరు తీసుకుని సర్వర్ ఐపీకి కట్టండి. తర్వాత సెట్టింగుల్లో 'ఇన్‌ఫార్మ్ హోస్ట్' (పరికరాలు పలకరించాల్సిన అడ్రస్) దగ్గర ఆ పేరే రాయండి. రేపు సర్వర్ మార్చినా డీఎన్ఎస్‌లో (పేరుని ఐపీకి కలిపే పట్టికలో) ఒక్క మార్పుతో సరిపోతుంది.

పాలకొల్లు కంట్రోలర్‌లో బ్యాకప్ తీసి, అదే వెర్షన్ గానీ అంతకన్నా కొత్తది గానీ ఉన్న క్లౌడ్ కంట్రోలర్‌లో రీస్టోర్ చేయండి. ఆ తర్వాత పాతదాంట్లోనూ ఇన్‌ఫార్మ్ హోస్ట్‌గా కొత్త పేరు పెడితే ఆ పరికరాలు వాటంతటవే వచ్చేస్తాయి. మిగతా రెండు ఊళ్లకూ కంట్రోలర్‌లో విడివిడిగా సైట్లు (ఒక్కో శాఖకు ఒక్కో విభాగం) తెరవండి. అక్కడి పరికరాల్లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా కమాండ్లిచ్చే పద్ధతి) వెళ్లి, 'సెట్-ఇన్‌ఫార్మ్' కమాండ్‌తో కొత్త అడ్రస్ ఇవ్వండి.

సర్వర్‌లో శాఖల కోసం టీసీపీ 8080, యూడీపీ 3478 పోర్టులు తెరవాలి. మీరు లాగిన్ అయ్యే 8443ని మాత్రం లోకానికి తెరవొద్దు, వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మీకే పరిమితమైన రహస్య దారి) ద్వారానే వెళ్లండి.

ఆటో బ్యాకప్ ఆన్ చేసి, ఆ ఫైల్‌ని వారానికోసారి వేరేచోట దాచండి. మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో ఇలాగే గుమాస్తా కంప్యూటర్‌లో ఉన్న కంట్రోలర్, హార్డ్‌డిస్క్‌తో పాటే పోయింది. బ్యాకప్ లేదు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. నిచ్చెన వేసుకుని, పదకొండు యాక్సెస్ పాయింట్లనూ పిన్నుతో ఒక్కొక్కటే రీసెట్ చేస్తుంటే పొద్దుగూకింది.