పళ్ళు లేని పిల్లి మా ఇంటికి ఎలా అలవాటు పడిందంటే

"వీధిలోంచి తెచ్చిన పిల్లి 5 రోజులైనా మంచం కింద నుంచి రావట్లేదు, చొంగ కారుస్తోంది, మేమంటే ఇష్టం లేదా?" అని అడిగారు. ఇష్టాయిష్టాల సంగతి తర్వాత, ముందు దానికి నోరు నొప్పిగా ఉందేమో చూడండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా బామ్మ వల్ల. బామ్మ అంటే పిల్లే. మూడేళ్ళు కూడా ఉండవు గానీ నోట్లో ఒక్క పన్ను లేదు.

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. ఆదివారం పొద్దున్నే చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాం. అక్కడ పిల్లులకి కొదవా, రాలిన నెత్తళ్ళ కోసం ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఆ రోజు ఒకటి మాత్రం చేప ముందు కూర్చుని దాన్నే చూసి బుస కొడుతోంది. నోట కరవడం, కీచుమని అరిచి వెనక్కి ఎగరడం, మళ్ళీ రావడం. గడ్డమంతా చొంగ, ఎండిన రక్తం. చూడలేక బుట్టలో వేసుకున్నాం. రెండు ఆటోల వాళ్ళు వాసనొస్తాదని ఎక్కించుకోలేదు. మూడో అతనికి పిల్లితోనే అభ్యంతరం, పక్క సంచిలో కేజీ కానాగంత చేపలుంటే ఏమీ అనలేదు!

డాక్టర్ గారు దాని నోరు తెరిచి చూపించారు. చిగుళ్ళ నుంచి గొంతు మొదలు దాకా ఎర్రటి పచ్చి పుండు. స్టొమటైటిస్ అంటారట. పళ్ళ మీద పేరుకునే గారకి ఒళ్ళు అతిగా తిరగబడుతుందని, మందులతో కొన్నాళ్ళు తగ్గినా చాలా పిల్లులకి పళ్ళు పీకించడమే దారి అని చెప్పారు. రెండు విడతల్లో పీకించాం, డబ్బు బాగానే అయింది. మా అత్తయ్య "ఏటమ్మా, ఇప్పుడు ఎలక కనబడితే ఏటి చేస్తాది, ముద్దెట్టుకుంటాదా?" అంది. బామ్మ అన్న పేరు కూడా ఆవిడ పెట్టిందే.

ఇక సలహాలు. పిల్లి ఇంట్లో ఉందని తెలిస్తే అపార్ట్‌మెంట్‌లో అందరూ డాక్టర్లే. పాలన్నం పెట్టమన్నారొకరు, పెట్టాం, విరేచనాలు పట్టుకున్నాయి (పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు). ఒళ్ళు వెచ్చగా ఉంటే సగం పారాసిటమాల్ వేయమని ఇంకొకాయన. అది పిల్లికి విషం, మాట వరసకి కూడా వేయకండి. పళ్ళు పీకించక ముందు, డాక్టర్ గారిచ్చిన మాత్ర వేయబోయి మా ఆయన కరిపించుకున్నారు, కేజీహెచ్‌కి (మా ఊరి పెద్దాసుపత్రి) వెళ్ళి ఇంజెక్షన్లు చేయించుకున్నారు. అది వేరే కథ.

పళ్ళు తీశాక బీరువా వెనక దూరింది. మేమెవరం పిలవలేదు, అటు చూడను కూడా చూడలేదు. ముళ్ళు తీసి మెత్తగా మెదిపిన చేప ఒక మూల పెట్టి పక్కకి వెళ్ళిపోయేదాన్ని. రెండో రోజు రాత్రి వంటింట్లోంచి చూశాను. వచ్చింది. ఒక్క ముద్ద నోట పెట్టింది, వెంటనే అలవాటు కొద్దీ వెనక్కి ఎగిరి గోడకి కొట్టుకుంది. అరవలేదు, నొప్పి పుట్టలేదు కాబట్టి. గిన్నె వైపు అలా చూస్తూ నిలబడింది. మళ్ళీ ఒక ముద్ద, మళ్ళీ గెంతు, ఈసారి చిన్నది. గిన్నె ఖాళీ అయ్యేసరికి అరగంట పట్టింది. అన్నాళ్ళూ అది భయపడింది మాకు కాదు, తిండికి. ఆ గెంతడం పూర్తిగా పోవడానికి నెలన్నర పట్టింది, అదయ్యాకే మనుషుల పక్కన పడుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పళ్ళు లేకుండానే కానాగంత మొత్తం లాగించేస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ చేప ధర చూస్తే గుండె ఆగుతుంది, ఈవిడగారికేమో కోడి పెడితే మొహం తిప్పుకునే రోగం. హార్బర్ పిల్లులు ఆ రోజుల్లో ఏం తింటాయో ఎవరికీ పట్టదు.

మీ పిల్లి అసలు తింటోందా లేదా రాయలేదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లులకి కాలేయం దెబ్బతింటుంది. రేపటి దాకా ఆగకండి, ఈ రోజే దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళి నోరు చూపించండి. చేతికి తువ్వాలు చుట్టుకోండి, మా ఆయనలా కరిపించుకోకండి.