పటిక పెంచినా నల్లనీళ్లు తేరుకోకపోతే

అన్నా, వానాకాలం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని సంపులో చేరే నీళ్లకు పటిక రెట్టింపు చేసినా నలుపు పోలేదు, పీహెచ్ 5కి పడిందన్నారు కదా. చిక్కు అక్కడే ఉంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల పటిక సుమారు 50 మిల్లీగ్రాముల క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని, కాల్షియం కార్బొనేట్ లెక్కన) తినేస్తుంది. పీహెచ్ 5 దగ్గర అల్యూమినియం గడ్డకట్టకుండా చాలావరకు కరిగే ఉంటుంది. ముందు సున్నం నీళ్లు కలిపి 7 దగ్గర నిలపండి.

తర్వాత ఆరు బీకర్లలో లీటరుకు 20 నుంచి 120 మిల్లీగ్రాముల వరకు పటిక వేసి జార్ టెస్ట్ (మోతాదు తేల్చే చిన్న పరీక్ష) చేయండి: నిమిషం గట్టిగా, పావుగంట నెమ్మదిగా తిప్పి, అరగంట కదపకుండా వదిలేయండి. ఆవగింజంత గడ్డలు అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడిన వాటిలో తక్కువ పటిక పట్టిందే మీ మోతాదు.

బొగ్గు నుసి తేలిక, దిగడానికి బద్ధకిస్తుంది. పటిక బాగా కలిశాక ఆనయానిక్ పాలిమర్ (చిన్న గడ్డలను కలిపి పెద్దవి చేసే మందు) లీటరుకు అర మిల్లీగ్రాముతో మొదలుపెట్టండి. ఆపైన ఆ నీళ్లను పంపు గుండా మాత్రం పంపొద్దు, కట్టిన గడ్డలన్నీ చితికిపోతాయి. నాకు నెల రోజులు పోయింది ఇక్కడే.